జీపు కిటికీకి రుద్దిన పలకపొడి

నా చిన్నప్పుడు, అంటే మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, మా వీధిలో ఇంటింటికీ పలకల పనే కూడు పెట్టేది. మా అమ్మ పలకలు నునుపు చేసేది. రాతి పలక మీద పలకపొడి చల్లి, నీళ్ళు చిలకరించి, గోనెపట్టాతో గుండ్రంగా రుద్దితే గరుకంతా పోయేది. ఆ పొడే ఏళ్ళ తరబడి ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అమ్మ నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేది.

ఒక చలికాలం దగ్గులో రక్తం పడింది. అమ్మ చేత పని చేయించే పలకల షెడ్డు యజమాని షావుకారు, తన జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. మంచివాడనే చెప్పాలి, కాకపోతే ఆ పొడి కూడా ఆయన షెడ్డుదే. జీపు తోలే ఆయన మాకు వరసకు మామ. అమ్మను అక్కా అని పిలిచేవాడు. పొద్దున్నే బయలుదేరాలని అనుకున్నారు. నాయన అమ్మను వదిలి రాలేక, మామను పిలుచుకు రమ్మని నన్ను షెడ్డుకు పంపాడు.

మామ పెట్రోలు కోసం వెళ్ళినట్టున్నాడు, జీపు ఒక్కటే ఉంది. దానికి పైన గుడ్డ కప్పు, తలుపులకు గాజు బదులు మెత్తటి ప్లాస్టిక్ కిటికీలు. వాటి మీద ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. దారిలో అమ్మకు బయట కనపడాలి కదా అనుకున్నాను. దేన్నైనా నున్నగా చేయాలంటే మా ఇంట్లో తెలిసిన విద్య ఒకటే. గుప్పెడు పలకపొడి తెచ్చి, తడి గోనెపట్టాతో, అమ్మ రుద్దినట్టే బలమంతా పెట్టి రెండు కిటికీలూ రుద్దాను. తడి ఉన్నంతసేపు బాగానే కనిపించాయి. ఆరేసరికి రెండూ సన్నటి గీతలు పడి, గంజి పూసినట్టు తెల్లబడ్డాయి.

మామ వచ్చి చూసి, పెట్రోలు డబ్బా కింద పెట్టి, కిటికీ మీద వేలితో తడిమాడు. నేను ఏడుపు అందుకున్నాను.

“ఏడిస్తే ఏమొస్తాది పాపా. గిద్దలూరు దాటినాక కనుమ దారి. పక్కలకు కనపడకపోతే అందరం లోయలో పడతాం. కిటికీలు పీకేసి పోదామంటే ఆ చలిగాలికి, దుమ్ముకు అక్క తట్టుకోలేదు.”

దుకాణం నుంచి పళ్ళపొడి పొట్లం తెచ్చాడు. దాన్ని పాత పంచెగుడ్డలో వేసి జల్లించి, కొబ్బరినూనె చుక్కలు కలిపి, నాకూ ఒక పేలిక ఇచ్చాడు. నేను మళ్ళీ గట్టిగా రుద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“గీత ఒక్కదాన్నే తీసేయలేం. దాని పక్కనుండేదంతా గీత లోతుకు దిగాల. నిమ్మళంగా రుద్దు.”

ప్రాణం కొట్టుకుంటున్నా నిమ్మళంగానే రుద్దాను. ముందు వేలెడంత, తర్వాత అరచేయంత తేట వచ్చింది. దారి కనపడేంత అయ్యేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

నాయన వాకిట్లోనే ఉన్నాడు. “ఏందిరా ఇంతసేపు? ఇక్కడ మనిషి పోతావుంటే నీకు ఇప్పుడు తెల్లారిందా?” అని మామ మీద అరిచాడు. మామ నా వైపు చూడను కూడా చూడలేదు.

“రాత్రి తాగి పడుకున్నా బావా. పాప ఎంత లేపినా లేవలేకపోయినా.”

మామ చుక్క ముట్టని మనిషి. కోపంలో నాయనకు అది గుర్తు రాలేదు.

కనుమ ఎక్కుతుండగా అమ్మ పోయింది. నేను ఆమె కాళ్ళ దగ్గరే ఉన్నాను. రాయిగా మారిన ఊపిరితిత్తులకు సగం పూట ముందైనా ఒకటే, వెనకైనా ఒకటే అని చాలా ఏళ్ళకు ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట నాకు పనికొచ్చింది గానీ మామకు పనికిరాలేదు. నాయన అప్పటికే షావుకారుతో చెప్పి ఆయన్ను పనిలోంచి తీయించాడు.

దినాలయ్యాక మామ నన్ను పక్కకు పిలిచాడు. “నాయనకు చెప్పొద్దు పాపా. పెండ్లాం పోయినోడికి బిడ్డ మీద కూడా మనసు ఇరిగితే ఎట్ల బతుకుతాడు? ఆ కోపమేదో నా మీదే పెట్టుకోనీ.”

ఆ తర్వాత ఆయన లారీలకు పలకల పెట్టెలు మోసి బతికాడు. ఎదురుపడితే నాయన ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. తాను పోయేదాకా మామను పలకరించలేదు. మామ మాత్రం నన్ను చూసి, బాగుండావా పాపా అనేవాడు.

తొమ్మిదేళ్ళప్పుడు చెప్పకపోయానంటే భయం అనుకోవచ్చు. ఇరవై ఏళ్ళకు, నలభై ఏళ్ళకు నాకు ఏ భయమూ లేదు. ఆయన మోస్తున్నాడు కదా అని మోయనిచ్చాను. ఇప్పుడు నా ఇంట్లో ఎవరైనా నా తప్పును తమ మీద వేసుకోబోతే, మాట పూర్తికాకముందే అడ్డం పడి, నేనే చేశానని చెప్పేస్తాను. మామ కోసం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.