ఎండకు పగిలిన నిమ్మకాయ

ఆ రోజుల్లో మా కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో రంగులంటే ఎద్దుల కొమ్ములకు పూసేవీ, పెళ్లికి ముందు తలుపులకు కొట్టేవీ. పనీపాటా ఉన్న మనిషి కూర్చుని గుడ్డ మీద నూనెరంగులతో పండ్లు వేస్తాడని, అవీ తినడానికి పనికిరావని చెబితే నవ్విపోయేవాళ్లు. నాకు పదిహేడో ఏట ఆ పిచ్చే పట్టింది. కడపలో మిషన్ బడి డ్రాయింగు అయివారు నా పెన్సిలు బొమ్మలు చూసి, "మద్రాసు పోయి నేర్చుకోదగ్గ చెయ్యిరా నీది" అన్నారు. ఇక నా కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు. మా నాయన కాళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి. "ఒక బొమ్మ వెయ్యి. అయివారు చూసి బాగుండాదంటే మద్రాసు పో. లేదంటే తొలివాన పడంగానే మడక పట్టి దున్నాల" అని తేల్చేశాడు.

అయివారు తన దగ్గర మిగిలిన రంగుల గొట్టాలూ, రెండు కుంచెలూ, ఎప్పుడో ఎవరో దొర వేసిన పాత చిత్రానికి రంగుల అచ్చు ఒకటీ ఇచ్చారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద వెండి చెంబు, ద్రాక్షగుత్తి, సగం తొక్క తీసిన నిమ్మకాయ. "చూసి దించు. ఉండేది వదలొద్దు, లేనిది చేర్చొద్దు" అన్నారు. కొట్టం నీడలో కూర్చుని అచ్చును కళ్ల దగ్గర పెట్టుకున్నాను కదా, నిమ్మకాయ మీదా, చెంబు మీదా, వెనక గోడ మీదా సన్నటి బీటలు! నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మే నెలలో మా ఊళ్లో చేను పగులుతుంది, గోడ పగులుతుంది, పెదవులు పగులుతాయి. ఆ దొర కూడా నడివేసవిలోనే వేసినట్టున్నాడు పాపం అనుకున్నాను. (వెండి చెంబు ఎండకు ఎట్లా పగులుతుందన్న అనుమానం రాలేదు. మా ఇంట్లో వెండి ఉంటే కదా తెలిసేది!)

నిమ్మకాయను ఎంత దిద్దినా గుమ్మడికాయ పోలిక పోలేదు. ద్రాక్షలు రేగుపండ్లయ్యాయి. బీటలు మాత్రం, సొంత డబ్బా అనుకోకపోతే, దివ్యంగా కుదిరాయి. అమ్మ మడమలు చూసి మరీ సాధన చేశాను. "ఏమిరా, నా కాళ్లను అట్ల చూస్తాండావు?" అని అమ్మ కాళ్లు ముడుచుకునేది. "కదలాకు మా, బీట తప్పిపోతాది" అని బతిమాలేవాణ్ణి.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అయివారు మా ఇంటికొచ్చారు. అప్పటికే పడమట మబ్బు పట్టింది. నాయన మబ్బు వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూస్తున్నాడు. అయివారు చాలాసేపు చూసి, "ఈ గీతలేందిరా?" అన్నారు. "ఎండకు పగిలినాయి అయివారూ" అన్నాను. ఆయన భుజాలు అదరడం మొదలైంది. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా మద్రాసు మబ్బుల్లో కలిసిపోయిందని తెలిసిపోయింది. ఇంతలో నాయన వంగి, నిమ్మకాయ మీది బీటను వేలితో తడిమాడు. వేలికి పచ్చిరంగు అంటుకుంది. "నవ్వుతారేంది అయివారూ? ఎండకు పగలక ఏమైతాది? బీటంటే ఇట్లనే ఉంటాది. పుట్టినప్పట్నుంచి చూస్తాండా నేను!" అన్నాడు. మడక పట్టమన్న మనిషే నా పక్షాన పోట్లాడుతున్నాడు! అయివారు నవ్వు ఆపి, నాయన వేలిని చూసి, మళ్లీ బొమ్మను చూశారు. "పండ్లు వెయ్యడం ఎవరైనా నేర్పుతారప్పా. ఇట్ల చూసే కన్నును నేర్పలేరు. మద్రాసుకు పంపించు" అన్నారు.

నాయన మజ్జిగ తెస్తానని లోపలికి పోగానే అయివారు అసలు సంగతి చెప్పారు. ఆ బీటలు దొర గీసినవి కావట. ఏళ్లు గడిచి చిత్రం మీది పూత పగిలితే, ఆ పగుళ్లు కూడా అచ్చులో పడ్డాయట. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

మద్రాసు పోయాను, నున్నటి నిమ్మకాయలు నేర్చుకున్నాను, వాటినే పిల్లలకు నేర్పి రిటైరయ్యాను. నాయన మాత్రం ఆ బొమ్మను పడసాలలో తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "చూడప్పా, దొరల దేశంలో గూడా మనకాడ మాదిరే ఎండలు. వాళ్లూ శానా అగచాట్లు పడతాండారు పాపం" అనేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నిజం చెబుదామనుకునేవాణ్ణి. ఆ గొంతులో జాలి వింటే నోరు పెగిలేది కాదు. ఆయన పోయేదాకా చెప్పనేలేదు. ఇప్పుడు నాయన వయసుకు వచ్చాక అనిపిస్తుంది: ఆ దొర ఎవరో గానీ, తన ఎండ బాధ తలుచుకుని కడప జిల్లాలో ఒక రైతు బతికినన్నాళ్లూ అయ్యో అన్నాడని తెలిస్తే, సంతోషించి ఉండేవాడు.