వ్యాను ఓటుకి ముందురోజు భోజనం

అరవై ఏళ్ళు దాటేదాకా నాకు రాయడం రాదు. చిన్నప్పుడు గుంటూరు దగ్గర కళ్ళాల్లో మిరపకాయల తొడిమలు తీయడానికి అమ్మతో పాటు వెళ్ళేదాన్ని. బడికి వెళ్ళే వయసు అక్కడే అయిపోయింది. న్యూయార్క్ పక్కన ఎడిసన్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చాక, ఆదివారాలు మనవరాలిని తెలుగు బడికి తీసుకెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. పిల్లలతో పాటు నాకూ అక్షరాలు పట్టుబడ్డాయి. అందుకే ఇంతకు ముందు తిరిగిన ఊళ్ళ గురించి ఏమీ రాయలేకపోయాను. ఈ నవంబరు ప్రయాణం మాత్రం రాస్తున్నాను.

నా చెల్లెలి కూతురు మాధవి న్యూయార్క్ రాష్ట్రంలో బాగా ఉత్తరాన, ఒక పల్లెలో ఉంటోంది. ఊరి పేరు రాయొద్దంది. ఆఫీసు పని ఇంటి నుంచే కాబట్టి భార్యాభర్తలు అక్కడ ఇల్లు కొనుక్కున్నారు. కిందటేడు ఎన్నికల్లో ఆమె ఊరి బోర్డులో సభ్యురాలయింది. మొత్తం ఐదుగురు సభ్యులు. మన పంచాయతీ లాంటిదే. కొన్నాళ్ళుగా ఫోన్‌లో ఆమె గొంతు బాగుండటం లేదు. ఊళ్ళో ముసలివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను ఆపేయాలని ఇద్దరు సభ్యులు పట్టుబడుతున్నారనీ, నెలాఖరు తర్వాత కూడా దాన్ని నడపాలా అని గురువారం ఓటింగనీ చెప్పింది. తోడుగా ఉంటానని బయల్దేరాను.

మంగళవారం పొద్దున్న అల్లుడు నన్ను ఎడిసన్ స్టేషన్‌లో దింపాడు. ఆరు నలభై రైలు. ఆఫీసులకి వెళ్ళే జనంతో కిక్కిరిసి ఉంది. న్యూఆర్క్ దాకా నిలబడే వెళ్ళాను. న్యూయార్క్‌లో దిగాక బస్ స్టేషన్‌కి నడవచ్చు కానీ సామాను ఉంటే టాక్సీ నయం. బస్సు టికెట్ ముందే బుక్ చేసుకుంటే నలభై డాలర్లలోపు అవుతుంది. దారిలో ఒక్కచోటే ఆపుతారు, అక్కడ మనం తినేది ఏమీ ఉండదు. పెరుగన్నం డబ్బా వెంట ఉంచుకోండి.

పక్క సీట్లో హైదరాబాద్ అమ్మాయి, కాలేజీకి వెళ్తోంది. ఎక్కడ దిగుతారని అడిగింది. చెప్పాను.

"అక్కడేముంది ఆంటీ, ఆవులు తప్ప? మీవాళ్ళకి కార్ ఉందా?"

ఉందన్నాను.

"అయితే ఓకే. కార్ లేకుంటే అక్కడ బతకలేరు."

మధ్యాహ్నం రెండు గంటలకి బస్సు దిగాను. మాధవి కార్‌లో మరో అరగంట. చెట్లన్నీ ఆకులు రాల్చేసి ఉన్నాయి, ఆకాశం కడగని గిన్నెలా ఉంది. ఊరంటే ఒకటే వీధి. పోస్టాఫీసు, ఇనుప సామాన్ల కొట్టు, చర్చి, అగ్నిమాపక కేంద్రం. కిరాణా కొట్టు మూతపడి మూడేళ్ళయిందట. బడి కిటికీలకి చెక్కలు కొట్టేశారు. బస చేయాలంటే హైవే పక్కన ఒక మోటెల్ తప్ప వేరే దిక్కు లేదు.

మాధవి పక్కింటామె డోరతి. ఎనభై దాటింది. పుట్టింది ఆ ఇంట్లోనే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. ఆసుపత్రి గంట దూరం, చూపు మందగించి కారు నడపడం మానేసింది. వ్యాను ఉంటే ఆ ఇంట్లో ఉంటుంది, లేకపోతే ఊరు వదలాలి. మాధవికి ఇద్దరు చిన్నపిల్లలు, పగలంతా ఆఫీసు మీటింగులు, రోజూ తీసుకెళ్ళలేదు. అక్కడ బోర్డు సభ్యురాలి పని ఎలా ఉంటుందో ఆ సాయంత్రమే చూశాను. అన్నం కలుపుకుంటుంటే ఫోన్. ఒకరి ఇంటి ముందు గుంట, ఒకరి పొరుగువాళ్ళ కుక్క, ఒకరి గుమ్మంలో రాలిన కొమ్మ. అన్నీ రాసుకుంది.

బుధవారం ఇద్దరం ఊళ్ళోకి వెళ్ళాం. పోస్టాఫీసు దగ్గర కారెన్‌ని పరిచయం చేసింది. ఆవిడా బోర్డు సభ్యురాలే, వ్యాను ఉండాలంటోంది. ఇనుప కొట్టు వాల్టర్‌ది. అతనూ సభ్యుడే, ఎటూ తేల్చలేదు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మధ్యలో ఇతను. ఇంతలో మాధవికి ఆఫీస్ కాల్ వచ్చి కార్‌లో కూర్చుంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో వాల్టర్‌ని రాత్రి భోజనానికి రమ్మన్నాను. వెనక్కి నడిచి కారెన్‌నీ పిలిచాను. ఏదో మాటవరసకి పిలవడం కాదు, అనుకునే పిలిచాను. ఇంట్లో అన్నం తిన్న మనిషి మర్నాడు కాదనలేడని మా వైపు నమ్మకం. డోరతి ఎలాగూ పక్కిల్లే.

గుత్తి వంకాయ, పులిహోర, పప్పుచారు చేశాను. మామూలుగా చేస్తున్నాననుకుంది మాధవి. ఆరున్నరకి తలుపు తీసి, వాల్టర్‌నీ కారెన్‌నీ చూసి వంటింట్లోకి వచ్చింది.

"పెద్దమ్మా, వీళ్ళని నువ్వు పిలిచావా? ముగ్గురు మెంబర్లం ఒకచోట కూర్చుని ఊరి సంగతి మాట్లాడితే అది మీటింగ్ కిందికి వస్తుంది. ముందే ఊరందరికీ చెప్పాలి, ఎవరైనా వచ్చి వినేలా తలుపు తీసి పెట్టాలి."

"అయితే తలుపు తీసే ఉంచుదాం."

ఆమె నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని వెళ్ళమనడం మాత్రం ఆమెకీ చేతకాలేదు. వ్యాను మాట ఎత్తకూడదని అందరికీ చెప్పి కూర్చోబెట్టింది.

మొదట బాగానే జరిగింది. వాల్టర్ కారానికి చెమటలు తుడుచుకుంటూనే రెండోసారి వంకాయ వేయించుకున్నాడు. చర్చిలో జరిగే విందులకి ఈ కూర తెస్తే సగం ఊరు పారిపోతుందని కారెన్ ఆటపట్టించింది. అప్పుడు డోరతి, ఆమెకి చెవులు కూడా అంతంత మాత్రమే, చెంచా కింద పెట్టి వాల్టర్‌ని ఏదో అడిగింది. అతను ఆమె చేతి మీద చెయ్యి వేసి జవాబు చెప్పాడు. డోరతి కళ్ళు తుడుచుకుంది. మాధవి ముఖం వాడిపోయింది.

మా శ్రీకాంత్, మాధవి భర్త, వరంగల్ అబ్బాయి, నీళ్ళ వంకన వంటింట్లోకి వచ్చి చెప్పాడు. "రేపు నా వ్యాన్ సంగతేందని అడిగింది అత్తమ్మా. నీకే వేస్తా అన్నడు."

నా మనసు నిండింది. పని అయిపోయిందనుకున్నాను.

గురువారం ఏడు గంటలకి అగ్నిమాపక కేంద్రంలో సభ. ఫైరింజన్లు బయట నిలిపి, లోపల మడత కుర్చీలు వేశారు. సభ్యులు పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. ఊళ్ళో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. సభ్యులు మధ్యలో జవాబు చెప్పరు, వినాలంతే. వంటింటి టైమర్ ఒకటి బల్ల మీద పెట్టారు. శ్రీకాంత్ నా పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నాడు.

ఆ రోజే డయాలసిస్ చేయించుకుని వచ్చిన డోరతి కుర్చీ పట్టుకుని లేచింది. తనకి దయ అక్కర్లేదనీ, పుట్టిన ఇంట్లో ఇంకొన్నాళ్ళు ఉండాలని మాత్రమే ఉందనీ చెప్పింది. టైమర్ మోగకముందే కూర్చుంది.

ఆమె వెనక ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన లేచాడు. నిన్న రాత్రి మాధవి ఇంటి ముందు వాల్టర్ కారూ కారెన్ కారూ చూశానన్నాడు.

"ఊరి సంగతులు కూరల దగ్గరే తేల్చుకుంటుంటే, మేమిక్కడికి రావడం దేనికని అడుగుతున్నడు" అన్నాడు శ్రీకాంత్, తల దించుకుని.

ఊరి లాయరు ఆ ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు. వ్యాను ప్రస్తావన వచ్చిందా? అబద్ధం ఎవరూ చెప్పలేదు. వచ్చిందని మాధవే ముందు అంది. అడిగింది నేనంటూ డోరతి లేవబోయింది. ఆమె వంతు అయిపోయిందని కూర్చోమన్నారు. వాల్టర్ చెవులు ఎర్రబడ్డాయి. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో కొట్టు నడుపుతున్నాననీ, ఒక పూట భోజనానికి అమ్ముడుపోయానని ఎవరూ అనకూడదనీ, ఈ విషయంలో తను ఓటు వేయననీ చెప్పాడు.

ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. సమానమైతే వ్యాను నడపాలన్న తీర్మానం వీగిపోయినట్టే. నెలాఖరుతో వ్యాను ఆగిపోతుంది. తర్వాత వీధి దీపాల సంగతి ఎత్తుకున్నారు.

బయట సన్నగా మంచు పడుతోంది. డోరతి నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. వంకాయ కూర చాలా బాగుందట. ఒహాయోలో ఉన్న తమ్ముడి కూతురికి రేపు ఫోన్ చేస్తుందట.

కార్‌లో ముందు శ్రీకాంత్ మాట్లాడాడు. "మీరేం చేసిన్రు అత్తమ్మా, అన్నం పెట్టిన్రు."

ఇంటి ముందు కారు దిగుతూ మాధవి అంది, "నేను తలుపు దగ్గరే ఆపాల్సింది. ఆపబుద్ధి కాలేదు పెద్దమ్మా."

శుక్రవారం పదింటి బస్సు ఎక్కాను. డోరతి ఇంటి కిటికీ తెరలు వేసే ఉన్నాయి. బస్సు సగం ఖాళీ. వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన కుడివైపు కూర్చుంటే నది కనబడుతుంది. నేను చూసింది తక్కువ. పక్కన ఒక నల్లజాతి ఆవిడ, నా వయసుదే, రుమాలు ఇచ్చింది.

ఆ చట్టం తప్పని నేననను. మా ఊళ్ళో పెద్దల ఇళ్ళల్లో విస్తళ్ళ ముందే తేలిపోయిన తీర్పులు ఎన్నో చూశాను. మాలాంటి ఆడవాళ్ళకి అవి తెల్లారాక తెలిసేవి. అలా జరగకూడదనే కదా ఇక్కడ తలుపులు తీసి పెట్టమన్నారు. న్యాయమే. ఆ న్యాయం జరిగిన చోటే ఒక ముసలామె ఇల్లు పోయింది. పోయేలా చేసింది ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్ళే. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో న్యూయార్క్ వచ్చినా తెలియలేదు, ఎడిసన్‌లో దిగాకా తెలియలేదు.

శనివారం పొద్దున్న మాధవికి ఫోన్ చేసి డోరతి వ్యాను ఎక్కిందా అని అడిగాను. ఎక్కిందంది. ఫోన్ పెట్టేశాను. అన్నానికి బియ్యం కొలిచాను. ఇంట్లో నలుగురం. ఎవరైనా వస్తారేమోనని మరో గుప్పెడు వేశాను. తర్వాత ఆ గుప్పెడూ తీసి డబ్బాలో పోసేశాను.