ఒర్రెచెలక

నా చిన్నప్పుడు కొత్తగూడలో మా ఇంటి వెనక మాకో చెలక, అంటే మెట్టచేను, ఉండేది. అందరూ దాన్ని ఒర్రెచెలక అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. మనిషికి ఆ పేరెందుకు పెట్టారని అడగనట్టే, దాని పేరు సంగతీ ఎన్నడూ అడగలేదు. ఎండాకాలం చివర్లో కూడా అక్కడ పచ్చగడ్డి దొరికేది కాబట్టి నా మేకపిల్లను అక్కడే గుంజకు కట్టేసేదాన్ని. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకున్న పిల్ల అది. నిజం చెప్పాలంటే మా తమ్ముడికంటే అదే నాకు ముద్దు.

ఒకరోజు దాన్ని కట్టేసి వచ్చి, తిని పడుకున్నాను. లేచేసరికి కుండపోత వాన. చెలకలోకి పరుగెత్తాను. గడ్డి కనబడలేదు, గుంజ కనబడలేదు. మోకాళ్ల లోతున ఎర్రనీళ్లు ఉరుకుతున్నాయి. మేకపిల్ల కొట్టుకుపోయిందని ఏడుస్తూ ఇంటికొచ్చాను.

మా మేనత్త వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తిట్టలేదు. ఎక్కడ కట్టేశావని మాత్రం అడిగింది. ఒర్రెచెలకలో అన్నాను.

"ఒర్రె అంటే ఏంది బిడ్డా?"

వాననీళ్లు పారే దోవ అని వెక్కుతూ చెప్పాను. చెప్పాక గానీ నా మాట నాకే వినబడలేదు.

"రోజూ నీ నోటితోనే అంటివి గదనే. ఆ చెలక ఎన్నడో చెప్పింది. నువ్వు ఇనకపోతే అదేం జేస్తది?"

అని, మూలనున్న గంప ఎత్తింది. దాని కింద నా మేకపిల్ల, ఒంటిమీద చుక్క తడి లేకుండా, ఆకు నములుతోంది. మబ్బు పట్టగానే అత్తే వెళ్లి విప్పుకొచ్చిందట. అంతసేపు ఏడిపించినందుకు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. 

ఆ చెలకలో ఇప్పుడు తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. నేల ఇచ్చినందుకు మాకూ అందులో ఒక ఫ్లాట్ వచ్చింది. గేటు మీద ఏదో ఇంగ్లీషు పేరు. వినడానికి బాగానే ఉంటుంది గానీ అందులో నీళ్ల మాట లేదు. ప్రతి వానాకాలం సెల్లారు నిండుతుంది, ఇన్ని నీళ్లు ఎక్కడివని అందరూ పరేషాన్ అవుతారు. మీటింగులో ఒకసారి పాత పేరు చెప్పి చూశాను. కాగితాల్లో ఎక్కడా అలా లేదండి అని మర్యాదగానే కూర్చోబెట్టారు.

మబ్బు పట్టిందంటే మా అబ్బాయి కారును రోడ్డు మీదికి తీయిస్తాను. ముసలామె చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. కారు బయటికి వచ్చేదాకా గేటు దగ్గర నిలబడి, ఒర్రెచెలక అని ఒకసారి పైకే అంటాను. ఆ పేరు ఇప్పుడు నాకూ, వాననీళ్లకూ తప్ప ఎవరికీ గుర్తులేదు.