మెయిన్ ఆపి చూసిన పెర్సిస్

గుండుగొలను దాటి లంక ఊళ్ల వైపు మళ్లిన ఆటోలో ముందు ఒక బ్యాగు వచ్చి నా మోకాళ్ల మీద కూర్చుంది. దాని వెనకే దాని మనిషి ఎక్కింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, నేత చీర, కాళ్లకి బూట్లు.

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. కింద తడిగా ఉందండి, లోపల లాప్‌టాప్ ఉంది," అంది.

బ్యాగు సందులోంచి లేత నీలం తీగ ఒకటి వేలాడుతోంది, రిబ్బనులా చదునుగా. నేను కొల్లేట్లో గూడకొంగల్ని చూద్దామని బయల్దేరినవాణ్ణి. అయితే అనుకున్న చోటికి తిన్నగా చేరే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ లేదు. ఆ తీగ ఏమిటని అడిగాను.

"దీంతో రూటరుతో మాట్లాడతామండి. నెట్ ఉంటే ఏలూరులో కూర్చునే మాట్లాడొచ్చు. నెట్టే లేనప్పుడు దాని ఎదురుగా వెళ్లి నిలబడాలి కదండీ."

పేరు పెర్సిస్. పుట్టింది తాడేపల్లిగూడెంలో. తండ్రి ఏలీయా టెలిఫోన్ శాఖలో కేబుళ్లు అతికేవాడు. రోడ్డు వార గోతిలో, గొడుగు నీడన, వందల జతల తీగల్ని రంగు చూసి కలపడం ఆయన పని. అలాంటి గోతినొకదాన్ని గూడెం ఉల్లిపాయల మార్కెట్టు పక్కన నేనూ చూశాను. ఆ ఊళ్లో ఓ వర్షాకాలం రైలు తప్పిపోయి, ఉల్లి బస్తాల మధ్య మూడు రోజులు గడిపి, చేతిలో ఉన్న లావుపాటి చరిత్ర పుస్తకం పూర్తిచేశాను. ఇప్పటికీ మొగలు చక్రవర్తుల పేరెత్తితే నాకు ఉల్లిపాయ వాసనే వస్తుంది. సరే, అది వేరే సంగతి.

పెర్సిస్ పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఆరేళ్లు పెద్ద కంపెనీల మెషిన్లు చూసి, వెనక్కొచ్చి ఏలూరు పవర్‌పేటలో ఒక గది తీసుకుంది. కొల్లేరు చుట్టూ ఎనిమిది యూనిట్లున్న చేపల కంపెనీ ఒకటి ఆమెకి పని ఇచ్చింది. ఎనిమిది చోట్లా రూటర్లు చూసేది ఆమే.

"ఇవాళ తేలకపోతే ఎనిమిదీ పోతాయండి," అంది. మబ్బు పట్టిందండి అన్నంత మామూలుగా అంది.

విషయం ఇది. ఆగడాలలంక దారిలో ఉన్న యూనిట్‌లో రూటరు రోజూ పొద్దున్న లేవడం లేదు. మంగళవారం తను వెళ్లి లేపి, సరిచేసి వచ్చింది. బుధవారం మళ్లీ అదే తంతు. ఆ తర్వాత రెండు రోజులూ ఫోనులో మేనేజరుకి అక్షరం అక్షరం చెప్పి లేపించింది. నిన్న కంపెనీ ఆఫీసరు ఫోను చేశాడు. శనివారం వెళ్లి చూసుకోండి, సోమవారం పొద్దున్న అది దానంతట అది లేవకపోతే పనంతా హైదరాబాదు వాళ్లకి ఇచ్చేస్తాం అన్నాడు.

"కారణం తెలిసిందా అమ్మా?"

"ఇంకా లేదండి. తెలుస్తుంది."

ఆ మాట విన్నాక కొంగలు కాసేపు ఆగినా పర్వాలేదనిపించింది. ఆమెతో పాటే దిగిపోయాను.

యూనిట్ ముందు రెండు లారీలు. శీలావతి, బొచ్చె చేపల్ని ఐసు వేసి పెట్టెలకెత్తేశారు. అవి అస్సాం వెళ్లాలి. మేనేజరు తాతారావు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"పదకొండింటికి లారీలు కదలాలండి పెర్సిస్ గారూ. బిల్లు లేకుండా గేటు దాటవు."

సెల్లు నెట్‌తో బిల్లు కొట్టకూడదా అని నేను సలహా ఇచ్చాను.

"హెడ్డాఫీసు సర్వరు ఈ రూటరు వెళ్లి తలుపు కొడితేనే తీస్తుందండి. నేను కొట్టినా తియ్యదు. ఇరవై ఏళ్ల సర్వీసు నాది," అన్నాడు తాతారావు.

ఆమె నీలం తీగ ఒక కొస రూటరుకీ, రెండో కొస లాప్‌టాప్‌కీ పెట్టింది. తెర మీద ఒకే వరస, పక్కన మిణుకుమిణుకుమనే గీత.

"చూడండి, లేచి మంచం మీద కూర్చుంది. కిందకి దిగలేదు," అంది నాతో. "దీని సాఫ్ట్‌వేరంతా ఫ్లాష్ మెమరీలో ఉంటుందండి. కరెంటు పోయినా అందులోది చెరగదు. లేవగానే అక్కణ్ణుంచి తీసుకుని పనిలో దిగాలి. ఎక్కణ్ణుంచి తీసుకోవాలో చెప్పే చీటీ ఒకటి లోపలే రాసి ఉంటుంది."

ముందు చేత్తో లేపింది. అయిదు నిమిషాలకి నెట్ వచ్చింది. అప్పుడు ఆ చీటీ తెరిచింది. మంగళవారం తను రాసిన 'ఫ్లాష్ నుంచి తీసుకో' అన్న వరస కింద ఉంది. దాని పైన ఎవరో పాతకాలంలో రాసింది ఇంకొకటి ఉంది. హెడ్డాఫీసు నుంచి తెచ్చుకొమ్మని.

"నిద్ర లేవకుండానే హెడ్డాఫీసుకి వెళ్లి రమ్మన్నారా?" అన్నాను.

"అంతేనండి. ఇది పనికిరాదులే, దాటేసి నా వరసకి వస్తుందని వదిలేశాను," అంటూ దాన్ని కొట్టేసింది. ఒక్క ఫ్లాష్ వరసే ఉంచి, భద్రం చేసి, లేచి నిలబడింది. "అప్పారావు గారూ, మెయిన్ ఒకసారి ఆపండి."

అప్పారావు మొన్న సోమవారమే చేరిన వాచ్‌మన్. సాయంత్రం ఆఫీసు మెయిన్ స్విచ్ దించి, ఆ తర్వాతే తాళం వెయ్యడం ఆయన నియమం. షార్ట్ సర్క్యూట్ భయం. ఈ వైపు చాలా ఆఫీసుల్లో ఇదే పద్ధతి. హైదరాబాదులో ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే మెషిన్లు ఇక్కడ రోజూ పడుకుని రోజూ లేవాలి.

తాతారావు స్విచ్ బోర్డుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. "ఇప్పుడొద్దండీ. బాగానే ఉంది కదా. లారీలు వెళ్లాక మీ ఇష్టం."

"మంగళవారం కూడా ఇదే మాటన్నారండి. విన్నాను."

"మళ్లీ లేవకపోతే?"

"ఇప్పుడు లేవకపోతే పక్కన నేనున్నాను. సోమవారం లేవకపోతే నేనుండను."

తాతారావు అడ్డం తప్పుకోలేదు గానీ, ఆమె చెయ్యి ఆయన భుజం మీదుగా వెళ్లి మెయిన్ దించేసింది. ఫ్యాను ఆగింది. మనసులో ముప్పై దాకా లెక్కపెట్టి పైకెత్తింది.

తెర మీద మళ్లీ అదే వరస, అదే మిణుకు.

తాతారావు కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది. అస్సాం దాకా ఎందుకు, పులుసు మనమే పెట్టుకుందాం." బయట లారీ హారను మోగింది. "మోగించు నాయనా, అదొక్కటే తక్కువ," అన్నాడు.

నేనైతే ఆ మెయిన్ ఎందుకు దించానా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. పెర్సిస్ మాత్రం, సోమవారం రావాల్సిన తలనొప్పి ఇవాళే దొరికినందుకు తేలికపడిన మనిషిలా కుర్చీ ముందుకి లాక్కుంది. ఏలీయా కూడా ఇంతేనట. గొయ్యి పూడ్చే ముందు ప్రతి జతకీ ఫోను తగిలించి ఎవరితోనో ఒకరితో మాట్లాడితే గానీ పైకి వచ్చేవాడు కాదట. ఆ మాట ఆటోలో చెప్పింది.

రూటరు తన గురించి చెప్పుకున్న వరసల్ని మొదటినుంచీ చదువుకుంటూ వెళ్లి, చిట్టచివరి నంబరు మీద వేలు పెట్టింది.

"ఇదండీ. ఈ నంబరు చివర సున్నా ఉంది. సున్నా ఉంటే చీటీ చదవనే చదవదు. ఎవరైనా వచ్చి చెప్పేదాకా అలా కూర్చుంటుంది. ఎప్పుడో రిపేరు కోసం పెట్టి మర్చిపోయారు. అక్కడ రెండు ఉండాలి. మంగళవారం నేను చివరిదాకా చదవలేదు, తప్పు నాదే."

సున్నా తీసి రెండు పెట్టడానికి అర నిమిషం పట్టలేదు. తర్వాత తాతారావు వైపు చూసింది.

ఆయన నిట్టూర్చి లేచాడు. "మీరు కూర్చోండి. ఈసారి నేనే ఆపుతాను. ఆ పాపమేదో నాకే రానివ్వండి."

మెయిన్ దిగింది, ఎక్కింది. తెర మీద ఒక వరస. తర్వాత రెండోది. ఆ తర్వాత కళ్లకి అందనంత వేగంగా వరసలు పరిగెత్తాయి. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. నాలుగు నిమిషాలకి పచ్చ దీపం వెలిగింది. పక్క గదిలో ప్రింటరు బిల్లులు కక్కడం మొదలెట్టింది. పదకొండుకి పావుగంట ముందే మొదటి లారీ గేటు దాటింది.

అప్పారావు టీ తెచ్చాడు. తాతారావు గ్లాసు పక్కన పెట్టి హెడ్డాఫీసుకి ఫోను చేశాడు.

"లేచిందండి. దానంతటదే... లేదండీ, నేను చెప్పడం కాదు, మెయిన్ ఆపి చూపించారు... ఆపింది నేనేనండి, నా చేత్తోనే." కాసేపు విన్నాడు. మొహం విచ్చుకుంది. "మిగతా ఏడూ కూడా ఇలాగే ఆపి చూడాలా? ఆవిడే చూడాలా? ఉండండి, ఇక్కడే ఉన్నారు, ఇస్తాను."

ఫోను చాపుతూ వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద నీలం తీగా లేదు, బ్యాగూ లేదు. టీ గ్లాసు మాత్రం నిండుగా పొగలు కక్కుతోంది.

కిటికీలోంచి చూశాను. చేపల చెరువు గట్టు మీద, బ్యాగు భుజాన వేసుకుని, రోడ్డు వైపు పెద్ద అంగలేస్తోంది.

"ఏవండీ, పెర్సిస్ గారూ," అని తాతారావు గుమ్మంలోంచి పిలిచాడు.

ఆమె చెయ్యెత్తింది. మాకోసం కాదు, తర్వాతి యూనిట్ వైపు వెళ్లే ఆటో కోసం.