రాణి ముట్టని గిన్నె

ఈ రోజు ఉస్మాన్‌గంజ్‌లో మా కుక్క రాణికి కొత్తరకం మొక్కజొన్న బిళ్లల సంచి కొన్నాను. చెప్పులు కూడా నమిలే రాణి, గిన్నె వాసన చూసి వెనక్కి తగ్గింది. పక్కింట్లో బర్రెలు పెంచే యాదమ్మను పిలిచి చూపించాను.

“కొత్త పత్తి చెక్క పెడితే మా బర్రెలు గూడ గిట్లనే మొహం తిప్పినయ్ అన్నా. గివి ఏం మక్కలు?” అంది.

“జన్యువులు మార్చినవో కాదో సంచి మీద రాయలేదు,” అన్నాను.

అంతలో మా మూడేళ్ల పాప ఒక బిళ్ల నోటి దగ్గరికి తీసుకెళ్లింది. రాణి చప్పుడు లేకుండా వచ్చి, పాప మణికట్టును పళ్లతో మెల్లగా పట్టుకుంది. బిళ్ల జారిపడేదాకా వదల్లేదు. పాప చేతి మీద గాటు కూడా లేదు.

సంచిని వాకిట్లో పెట్టాను. రాణి ఇప్పటికీ దానివైపే చూస్తూ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అందులో ఏముందో మీకు తెలిస్తే చెప్పండి. మా ఇంట్లో తెలిసినదానికి మాటలు రావు.