ఆఖరి చరణంలో పేరు

మా గురువు గారు పోయారన్న కబురు నాకు పాల కేంద్రం దగ్గర తెలిసింది. పాలు కొలిచే అతను క్యాను మూత బిగిస్తూ, "మీ గురువుగోరు తెల్లారగట్ల పోయినారంట. నీకు తెల్దేటి?" అన్నాడు. అతనే మళ్లీ, "ఆ సేతుల పాట ఒక్కటి సాలు. పెళ్లాం మీద అలాటి పాట ఎవులు కడతారు సెప్పు?" అన్నాడు.

"ఆఁ" అన్నాను. ఇంటికి వచ్చేశాను.

ఆ పాట కట్టింది ఆయన కాదు, నేను. అది ఆయన భార్య మీద పాట కాదు, నా భార్య మీద పాట. కానీ పాట కట్టడం నాకు నేర్పింది మాత్రం ఆయనే. రెండూ నిజమే. రెండూ ఒకచోట పెట్టి ఎలా చెప్పాలో నాకు తెలియదు. మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివినవాడిని. తోచినట్టు రాస్తాను.

మాది పలాస పక్క పల్లె. గురువు గారిది పక్క ఊరు. ఆయన భజన బృందం జాతరలకీ, పెళ్లిళ్లకీ, ఎవరైనా పోతే శవం ముందూ పాడేది. దేవుడి పాటలతో పాటు పనిపాటలు కూడా పాడేవారు. నేను తాళం వేసేవాణ్ణి. గొంతు పరవాలేదు గానీ నలుగురిలో నోరు విప్పాలంటే నాకు భయం. నలభై దాటాక ఒకరోజు, నాకు నేను కట్టుకున్న పాట ఒకటి ఆయనకి వినిపించాను. ఆలస్యంగా వచ్చిన వాన మీద పాట అది.

గురువు గారికి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి పీల్చేవారు. పాట వినేటప్పుడు మాత్రం ఆర్పేసి చెవి మీద పెట్టుకునేవారు. చరణం నచ్చకపోతే తీసి మళ్లీ వెలిగించేవారు. నోటితో బాగోలేదని అనేవారు కాదు. ఆ రోజు నా పల్లవి పూర్తి కాకుండానే అగ్గిపుల్ల గీశారు.

"మాటలు ఒగ్గీరా. ముందు నడిసి సూపించు" అన్నారు.

నన్ను పొలం గట్టు మీద నడిపించారు. మాటలు లేకుండా, తానన తందాన అనుకుంటూ. ఆయన వెనకాల నడిచారు. అడుగు తడబడిన చోటల్లా, "అదిగో, నీ పాట అక్కడ కుంటుతన్నాది" అనేవారు. ఊడుపుల్లో ఆడవాళ్ల పక్కన నిలబెట్టి, "సూడు. ఒంగున్న మనిసి తల ఎత్తకుండా పాడాల. ఒక్క ఊపిరిలో అయిపోవాల పల్లవి" అన్నారు. ఆ ఆడవాళ్లు నన్ను చూసి, "ఏటి గురువుగోరూ, దిష్టిబొమ్మని తెచ్చీసినారేటి?" అని నవ్వారు. నేను చెవుల దాకా ఎర్రబడిపోయాను. ఆయన వాళ్లకంటే ఎక్కువ నవ్వారు.

తరవాత నేను కట్టిన పాటల్లో కన్నీరు, గుండె, కష్టం అనే మాటలు ఎక్కువ ఉండేవి. అవి వస్తే చాలు అగ్గిపెట్టె బయటికి వచ్చేది. ఒకసారి విసుక్కుని అన్నారు. "ఒరే బావూ, ఏడుపంతా నువ్వే ఏడిసీస్తే ఇనేవోడికి ఏటి మిగుల్తాదిరా? సూసింది సెప్పు. సెప్పి ఊరుకో."

ఇంతకంటే మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజుకీ అదే అంటాను.

మా బృందంలో ఒక పద్ధతి ఉంది. పాట ఆఖరి చరణంలో కట్టినవాడి పేరు వస్తుంది. నేర్చుకునేవాడు తన పేరు కట్టకూడదు, గురువు పేరే కట్టాలి. చెయ్యి తిరిగిందని గురువుకి తోచిన రోజున, నలుగురి ముందూ చిడతలు శిష్యుడి చేతిలో పెట్టి, ఇంక నీ పేరు కట్టుకో అంటాడు. అంతవరకూ పాట శిష్యుడిదే, పేరు గురువుది. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి అందులో దొంగతనం లేదు. నా పాటలన్నిటికీ ఆయన పేరే కట్టాను. సంతోషంగానే కట్టాను.

మా ఇంటిది జీడి ఫ్యాక్టరీకి వెళ్లేది. పిక్కలు కొట్టే పని. పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలుతుంది. బూడిద రాసుకుని కొట్టినా వేళ్లు నల్లబడిపోతాయి. పెళ్లిళ్లలో ఎవరైనా బొట్టు పెట్టమంటే తను వెనక్కి తగ్గి పక్కావిడని ముందుకి తోసేది. అది చూసి ఆ పాట కట్టాను.

*జీడి కొట్టిన సేతులే
నాకు కూడు పెట్టిన సేతులే*

అదీ పల్లవి. ఇసకపెట్టి తోమినా పోని నలుపు ఒక చరణం. బొట్టు పెట్టకుండా దాక్కున్న వేలు ఒక చరణం. ఆఖరిది ఇలా వస్తుంది.

*ఆ సేతి మంట ఎవులెరుగుదురు*

దానికి జవాబుగా ఒక పేరు, ఆ పేరు వెనక "ఎరుగును" అని. ఆ పేరు చోట గురువు గారి పేరు పెట్టాను.

ముందు ఆమెకే పాడాను. గిన్నెలు తోముతోంది. "నా నల్ల సేతుల మీద పాటేటి? సిగ్గు నేదేటి నీకు?" అంది. కాసేపు తోముకుంది. "మళ్లీ ఓపాలి పాడు" అంది. పాడాను. అప్పుడు నా వైపు తిరక్కుండానే, "నలుగురిలో పాడినప్పుడు నా మీదని సెప్తావా మావా?" అని అడిగింది.

"గురువుగోరు నా పేరు కట్టుకోమన్న రోజున సెప్తాను" అన్నాను.

"ఎప్పుడంటారు?"

"ఈ పాట ఇంటే అంటారు."

గురువు గారికి వినిపించిన సాయంత్రం చుట్ట ఆయన చెవి మీదే ఉండిపోయింది. చీకటి పడ్డా వెలిగించలేదు. మూడు చరణాలూ మళ్లీ మళ్లీ పాడించుకుని, "పండినావురా" అన్నారు. అంతే. చిడతల మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ తరవాత ఎచ్చెర్ల దగ్గర ఒక జానపద పాటల సభ పెట్టి మా బృందాన్ని పిలిచారు. వ్యానులో వెళ్లాం. మా ఇంటిది పండక్కి కొన్న చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్లలో ముందు వరసలో కూచుంది. గురువు గారు చేతుల పాట ఎత్తుకున్నారు. నేను వెనక తాళం వేస్తున్నాను. పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. మైకు పట్టుకున్నతను, "ఈ పాట ఎలా పుట్టింది గురువు గారూ?" అని అడిగాడు.

ఆయన వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూశారు. ఇంక చెప్పేస్తారనుకున్నాను.

"నా ఇంటిదాని సేతులు సూసి కట్టినాను బాబూ" అన్నారు.

పాట మీద ఆయన పేరు ఉండటం వేరు. అది మా పద్ధతి. కానీ ఆ చేతులు పద్ధతిలోకి రావు. చప్పట్లు కొడుతున్న ఆడవాళ్ల మధ్యలో మా ఇంటిది రెండు చేతులూ పమిట కిందకి తీసుకోవడం నేను వేదిక మీంచి చూశాను. వ్యానులో ఇంటికి వచ్చేదాకా బయటికి తియ్యలేదు. గుమ్మంలో ఒక్క మాట అంది.

"నా సేతులు కూడా గురువుగోరికే ఇచ్చీసినావేటి?"

మర్నాడు పొద్దున్నే గురువు గారింటికి వెళ్లాను. ఎందుకు వచ్చానో ఆయనకి తెలుసు. "మైకు ముందర నోటికి అలా వచ్చీసిందిరా. జనం నోట్లో పడ్డాక ఎవులిదైతే ఏటి పాట?" అన్నారు.

"నాదని అడగలేదు గురువుగోరూ. అది మా ఇంటిదానిది" అన్నాను. ఆయన దగ్గర నేను ఎదురాడింది ఆ ఒక్కసారే.

ఆయన నేల చూస్తూ, "అలాగే. వచ్చే జాతరలో సెప్తాను. సిడతలు కూడా ఇస్తాను" అన్నారు.

జాతర వచ్చింది. అప్పటికి ఆ సభలో తీసిన వీడియో ఫోన్లలో తిరుగుతోంది. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి, ఆ చేతుల పాట, ఆ చేతుల పాట అని అరిచారు. గురువు గారు పాడారు. తన పేరుతో ముగించారు. దిగి, నా పక్కనుంచే వెళ్లిపోయారు. నేను తాళాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. మోకాళ్ల నొప్పి అని చెప్పి మళ్లీ బృందంలోకి వెళ్లలేదు. రమ్మని ఆయన కబురు పెట్టనూ లేదు.

తుపానుకి జీడితోటలు నేలకొరిగిన ఏడాదే మా ఇంటిది పోయింది. గురువు గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. ఒంగి ఆమె చేతులు చూశారు. చెవి మీద చుట్ట ఉంది. చుట్టూ మా ఊరంతా ఉంది. ఒక్క మాట చాలు అప్పుడు. ఈమె చేతులే అవి, అంటే చాలు. నేను ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తీసి, వెళ్లిపోయారు.

అందుకే పాల కేంద్రం దగ్గర కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. అయినా తాళాల సంచి తీసుకుని బయల్దేరాను. ఎందుకో అడిగితే చెప్పలేను. నడక నేర్పిన మనిషి.

అరుగు కింద ఆయన్ని పడుకోబెట్టారు. ఆర్పిన చుట్ట ఒకటి ఎవరో ఆయన చెవి మీద పెట్టారు. అచ్చం వింటున్నట్టే ఉన్నారు. అక్క వరసతో నేను అప్ప అని పిలిచే ఆయన భార్య అరుగు మీద ఆడవాళ్ల మధ్య కూచుని ఉంది. వాళ్లలో ఒకామె, "నీ సేతుల మీద ఊరూరా పాడుకునే పాట కట్టి ఎల్లినాడమ్మా. అదురుష్టవంతురాలివి" అని ఏడుస్తోంది.

అప్ప నన్ను చూసింది. రమ్మంది. వంగి దగ్గర కూచుంటే నా చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, నాను ఏనాడూ జీడి కొట్టనేదు" అంది. మెల్లగా అనలేదు. ఏడుస్తున్న ఆమె ఆగి చూసింది. "ఆ సేతులు మీ ఇంటిదానివని నానెరుగుదును. సెప్పీయండని ఎన్నిపాల్లో అన్నాను. జనం ఏటనుకుంటారే అనీవోరు. సెప్పకుండానే ఎల్లిపోయినారు."

లేచి బృందంవాళ్ల దగ్గరికి వెళ్లాను.

శవం లేపే ముందు పాడటం మా ఆనవాయితీ. అందరిలో పెద్దవాణ్ణని బృందంవాళ్లు చిడతలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇన్నాళ్లూ ఆయన ఇస్తారని చూసిన చిడతలు. ఏ పాట కావాలో ఎవరూ అడగలేదు. నేనే ఎత్తుకున్నాను. పల్లవి ఒక్క ఊపిరిలో వచ్చింది. ఎక్కడా కుంటలేదు. ఆఖరి చరణం దగ్గరికి వచ్చాం.

ఆ పేరు చోట మా ఇంటిదాని పేరు కూడా సరిగ్గా సరిపోతుంది. ఒంటరిగా ఎన్నోసార్లు పాడి చూసుకున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయను, ఆమెకి సిగ్గు. ఆ రోజు పైకి అనలేకపోయాను కూడా. ఆయన పేరు మాత్రం అనలేదు. ఆ చోటుకి రాగానే నోరు మూసుకుని చిడతలు వాయించాను. వెనక వంత పాడేవాళ్లు ఎప్పటిలాగే ఆయన పేరు అందుకున్నారు. ఇంటి ముందున్న జనం కూడా అందుకున్నారు.

అరుగు మీద అప్ప ఒక్కతే పాడలేదు. ఒళ్లో రెండు చేతులూ తిరగేసి, తెల్లగా, మచ్చ లేకుండా ఉన్న తన వేళ్లని చూసుకుంటూ కూచుంది.