స్రవంతి వేగం కోసం సారపాక దాకా

తల్లాడలో నేను పీఈటీ టీచర్‌ని. పెనుబల్లి నుంచి వచ్చి ఇక్కడ ఇంటర్ చదువుతున్న స్రవంతికి రెండేళ్లుగా వంద మీటర్ల పరుగు నేర్పుతున్నాను. మూడు నెలలుగా ఆమె టైం 13.6 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. జిల్లా జట్టు సెలెక్షన్స్‌కు ఆరు వారాలే ఉన్నాయనగా, “నాతోని కాదు మేడం, ఇడ్సిపెడ్త” అని షూస్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఆ సాయంత్రమే సారపాకలో ఉంటున్న రిటైర్డ్ కోచ్ మేరీ మేడంకు ఫోన్ చేశాను.

శనివారం ఉదయం ఐదున్నరకు కొత్తగూడెం బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. కొత్తగూడెంలో ఇడ్లీ తిని, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే బస్సు పట్టుకున్నాం. పాల్వంచ దాటాక అడవి. పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీల వెనక బస్సు నెమ్మదించింది. తొమ్మిదికి సారపాకలో దిగి, మేరీ మేడం ఇప్పటికీ పరుగు నేర్పే గ్రౌండ్‌కు ఆటో అడిగితే డ్రైవర్, “పరుగు మేడం తానకా? నా బిడ్డ గూడ ఆడనే నేర్చింది. అరవై ఇయ్యుండ్రి” అన్నాడు.

మేరీ మేడం ముందు స్రవంతినే అడిగింది. “రోజుకు ఎన్నిసార్లు ఉరుకుతవ్ బిడ్డా?”

“పొద్దున ఐదు కిలోమీటర్లు, పొద్దూకినంక వంద మీటర్లు పదిసార్లు.”

“మధ్యల ఎంతసేపు ఆగుతవ్?”

“ఒక్క నిమిషం.”

ఆమె నా వైపు తిరిగింది. “గిట్లయితే అలసట అలవాటైతది టీచర్, స్పీడ్ రాదు.”

అరగంట వార్మప్ తర్వాత ముప్పై మీటర్లు నాలుగుసార్లే, పూర్తి వేగంతో పరిగెత్తించింది. ఒక్కోదాని తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి. నాలుగోసారి టైం కాస్త పెరిగి వేగం తగ్గగానే స్టాప్‌వాచ్ జేబులో పెట్టేసింది. స్రవంతి ఇంకొకటి పరిగెత్తుతానంది. “వద్దు. మంచిగ ఉరికినవే కాళ్లకు గుర్తుండాలె.” వారానికి మూడు రోజులే స్ప్రింట్లు, రెండు రోజులు బలం కోసం వ్యాయామాలు, మిగతా రోజులు విశ్రాంతి అని రాసిచ్చింది.

తిరుగు బస్సులో చెప్పాను: “తప్పు నీది కాదు స్రవంతీ, నాదే.” “అయితే రేపు ఉరకొద్దా మేడం?” అని అడిగింది. వద్దన్నాను. కొత్తగూడెం దాకా నిద్రపోయింది.

సెలెక్షన్స్‌లో 13.2 సెకన్లలో పరిగెత్తి మూడో స్థానంలో నిలిచింది. ఎంపికైంది మొదటి ఇద్దరే. అయినా తర్వాతి సోమవారం నాకన్నా ముందే గ్రౌండ్‌కు వచ్చింది. రెండేళ్లు ఆమె కష్టాన్ని కిలోమీటర్లలో కొలిచాను. ఎప్పుడు ఆపాలో నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. మీరూ పిల్లల్ని ఇలా కోచ్ దగ్గరికి తీసుకెళ్తుంటే, బస్సు దిగగానే పరిగెత్తించకండి. మూడు గంటలు కూర్చున్న కాళ్లను కనీసం అరగంట నడవనివ్వండి.